పసివాళ్ళ బడిలో వరుసా, ఆటా

మూడు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలుండే ఏ బడికి వెళ్ళినా గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. పిల్లలు రావడం, అందరూ గుండ్రంగా కూర్చోవడం, కథ, చేతులు కడుక్కోవడం, చిరుతిండి, ఆరుబయట ఆట, భోజనం, నిద్ర, మళ్ళీ ఆట, ఇంటికి వెళ్ళడం అని అందులో రాసి ఉంటుంది. దాన్ని చదివిన తల్లిదండ్రుల నుంచి సాధారణంగా రెండు అభ్యంతరాలు వస్తాయి. ఇంత పసివాళ్ళను గంటల లెక్కన నడిపించడం ఏమిటని కొందరు అడుగుతారు. రోజులో సగం ఆటకే పోతుంటే ఇక చదువు చెప్పేది ఎప్పుడని మరికొందరు అడుగుతారు. ఒకటి కట్టుబాటు ఎక్కువైందన్న ఫిర్యాదు, రెండోది తక్కువైందన్న ఫిర్యాదు. వినడానికి పొంతన లేనట్టున్నా రెండింటి అడుగున ఉన్న ఊహ ఒక్కటే: దినచర్య, ఆట ఒకే కాలం కోసం పోటీ పడుతున్నాయి, ఒకటి పెరిగితే రెండోది తరగాల్సిందే. శిశువిద్యలో నడిచే వాదోపవాదాలు చాలావరకు ఈ ఊహ నుంచే పుడుతున్నాయనీ, ఊహే తప్పు కాబట్టి వాదాలు ఎంతకీ తెగడం లేదనీ నా అభిప్రాయం.

చిక్కుముడి మొదటి పోగు దినచర్య అన్న మాటలోనే ఉంది. ఆ మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి గడియారం, రెండోది వరుస. పెద్దవాళ్ళకు ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, ఎందుకంటే మనం రోజును గంటలతోనే కొలుచుకుంటాం. నాలుగేళ్ళ పిల్లకు మాత్రం పదిన్నర అన్నది పట్టు దొరకని మాట, "బయట ఆడుకుని వచ్చాక" అన్నది పూర్తిగా అర్థమయ్యే మాట. అమ్మ ఎప్పుడొస్తుందని ఏడుస్తున్న పిల్లవాడికి మూడింటికి వస్తుందని చెబితే అది సమాధానం కాదు. "మనం తిని, పడుకుని లేచి, ఇసుకలో ఆడుకుంటుంటే వస్తుంది" అంటే అది సమాధానం, ఎందుకంటే ఆ మెట్లు ఒక్కొక్కటీ వాడికి తెలిసినవే, ఒక్కొక్క మెట్టు దాటినప్పుడు అమ్మ అంత దగ్గరవుతున్నట్టు వాడే లెక్క వేసుకోగలడు.

ఈ సంగతిని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కేథరిన్ నెల్సన్, ఆమె సహచరులు 1970ల చివరి నుంచి పద్ధతిగా పరిశీలించారు. బడిలో భోజనం వేళ ఏం జరుగుతుంది, పుట్టినరోజు పండుగలో ఏం చేస్తారు వంటి ప్రశ్నలు పసిపిల్లలను అడిగి, వాళ్ళు చెప్పినదాన్ని విడదీసి చూశారు. మూడేళ్ళ పిల్లలు సైతం ఫలానా రోజున జరిగినదాన్ని కాక, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పారు, దాదాపు సరైన వరుసలో చెప్పారు. పదేపదే జరిగే సంఘటనల గురించి మనసులో ఏర్పడే ఈ నమూనాకు పరిశోధకులు "స్క్రిప్టు" అని పేరు పెట్టారు. నాటకానికి రాతప్రతి ఉన్నట్టే మనసుకు రోజు గురించి ఒక ప్రతి ఉంటుందన్నమాట. నిన్న ఏం చేశావని అడిగితే తెల్లమొహం వేసే పిల్లే, రోజూ ఏం చేస్తారని అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పడానికి కారణం ఇదే. పసితనంలో జ్ఞాపకం ముందుగా పట్టుకునేది మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని.

కాబట్టి వరుస అనేది పిల్లల మీద రుద్దే క్రమశిక్షణ కంటే ముందు, వాళ్ళు ప్రపంచాన్ని అర్థం చేసుకునే పనిముట్టు. తర్వాత ఏం వస్తుందో తెలిసిన పిల్లకు మాటిమాటికీ పెద్దల ముఖం చూడాల్సిన అవసరం ఉండదు. చేతులు కడుక్కోవడాన్నే తీసుకుందాం. చొక్కా చేతులు మడుచుకోవాలి, కుళాయి తిప్పాలి, తడపాలి, సబ్బు రుద్దాలి, కడగాలి, కుళాయి కట్టాలి, తుడుచుకోవాలి. కొత్తగా చేరిన పిల్లకు ఇవి ఏడు విడివిడి ఆజ్ఞలు; ప్రతి అడుగు దగ్గరా ఆగుతుంది. నెల తిరిగేసరికి ఇది ఒకే పని అవుతుంది, అప్పుడే ఆ పిల్ల కుళాయి దగ్గర పక్కవాడితో కబుర్లు మొదలుపెడుతుంది, నురగను ఊది చూస్తుంది, నీళ్ళ ధారకు వేలు అడ్డం పెట్టి ఎటు చిమ్ముతుందో గమనిస్తుంది. అంటే వరుస ఒంటబట్టాక మిగిలిన ధ్యాస ఆటలోకి పారుతుంది. అదే ధ్యాసను రోజూ మారిపోయే ఏర్పాట్లు తినేస్తే, పిల్లలు రోజంతా పరాయి ఊళ్ళో దిగిన ప్రయాణికుల్లా తర్వాత ఎటు వెళ్ళాలో వెతుక్కుంటూనే ఉంటారు.

వరుస స్థిరంగా ఉండాలంటే నిమిషాలు స్థిరంగా ఉండాల్సిన పని లేదు. కథ ఇవాళ పావుగంట, రేపు అరగంట సాగవచ్చు. వాన పడితే బయటి ఆట లోపలికి రావచ్చు. మారుతున్న సంగతిని ముందే చెప్పి, బొమ్మల పట్టికలో ఆ బొమ్మను పిల్లల చేతే మార్పిస్తే వరుస చెక్కుచెదరదు. నిమిషాలను కచ్చితంగా పాటిస్తూ, ఏ టీచరు వచ్చిందన్నదాన్ని బట్టి పనుల క్రమాన్ని మార్చేసే బడి గడియారాన్ని నిలబెట్టుకుంటుంది గానీ వరుసను పోగొట్టుకుంటుంది.

ఆడేది దినచర్యనే

ఇప్పుడు ఆట దగ్గరికి వద్దాం. వదిలేస్తే పసివాళ్ళు ఏం ఆడతారు? బొమ్మకు స్నానం చేయిస్తారు, తినిపిస్తారు, జోకొట్టి పడుకోబెడతారు. అది నిద్రపోనంటే కోప్పడతారు. ఒకరు టీచరై అందరినీ గుండ్రంగా కూర్చోబెడతారు. ఒకరు డాక్టరై సూది వేస్తారు. ఏ దినచర్య ఆటకు అడ్డమని అనుకుంటున్నామో, ఆ దినచర్యే ఆటకు కథావస్తువు. నెల్సన్ బృందం గమనించిన మరో సంగతి ఇక్కడ చాలా ముఖ్యమైనది. ఇద్దరు పిల్లలకూ తెలిసిన ఒకే స్క్రిప్టు మీద ఆట నడిచినప్పుడు వాళ్ళ సంభాషణ ఎక్కువసేపు, తెగకుండా సాగింది. ఆ ఉమ్మడి పునాది లేనప్పుడు ఒకరి మాటకు ఒకరి మాట అతకలేదు. దీన్ని బట్టి చూస్తే, ఇరవై ఇళ్ళ నుంచి ఇరవై అలవాట్లతో వచ్చిన పిల్లలకు బడి దినచర్య ఇచ్చేది మొట్టమొదటి ఉమ్మడి కథ. అందరికీ తెలిసిన భోజనం వేళ, అందరికీ తెలిసిన నిద్ర వేళ ఉన్నాయి కనుకనే, ఒక పిల్ల చాప పరిచి "ఇప్పుడు నిద్ర వేళ" అని ప్రకటించగానే మిగతావాళ్ళు ఏం చేయాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటారు. ఆ తర్వాత ఎవడో ఒకడు నిద్రపోకుండా చాప కింద దూరి పిల్లినయ్యానంటాడు, కథ కొత్త దారి పడుతుంది.

ఆటలో కట్టుబాటు ఉండదన్న నమ్మకాన్ని కూడా కొంచెం సవరించుకోవాలి. సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఆట గురించి చేసిన ఉపన్యాసం రష్యన్‌లో 1966లో గానీ అచ్చు కాలేదు. అందులో ఆయన అన్నదాని సారం ఇది: ఊహతో ఆడే ఆట ఏదైనా దానిలో నియమం దాగి ఉంటుంది. తల్లి వేషం కట్టిన పిల్ల తల్లిలాగే మాట్లాడాలి. మధ్యలో తానే ఉయ్యాల ఎక్కి పడుకుంటే తోటివాళ్ళు ఒప్పుకోరు. నిజ జీవితంలో అక్కాచెల్లెళ్ళైన ఇద్దరు "అక్కాచెల్లెళ్ళ ఆట" ఆడుకునే ఉదాహరణను ఆయన ప్రస్తావిస్తాడు. మామూలుగా వాళ్ళు అక్కాచెల్లెళ్ళుగా ఉండటానికి ఏ ప్రయత్నమూ చేయరు. ఆటలో మాత్రం అక్క అంటే ఎలా ఉండాలో ఆలోచించి మరీ అలా ఉంటారు. జీవితంలో కంటికి ఆనని నియమం ఆటలో పైకి తేలి కనిపిస్తుంది. కర్ర గుర్రమైనప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే. కళ్ళకు కనిపించే వస్తువు నుంచి అర్థాన్ని విడదీసి మరో వస్తువుకు తొడగడం అది, తర్వాత రోజుల్లో అక్షరాన్ని ధ్వనికి గుర్తుగా తీసుకోవడానికి కావలసింది ఇలాంటి నేర్పే.

వైగోట్‌స్కీ దారిలో నడిచిన సోవియట్ పరిశోధకురాలు మనుయ్‌లెంకో 1948లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కదలకుండా నిలబడమని పసిపిల్లలకు ఊరికే చెప్పినప్పటికంటే, కాపలా సైనికుడి పాత్రనిచ్చి నిలబడమన్నప్పుడు వాళ్ళు ఎక్కువసేపు నిలబడగలిగారు. వరుసలో కదలకుండా నిలబడమని రోజూ అరిచే పెద్దలు ఈ ఒక్క ప్రయోగం గురించి కాసేపు ఆలోచించవచ్చు. అయితే ఒక పాత్రలో ఉండగా చూపిన నిగ్రహం పాత్ర వదిలాక కూడా నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రెండు పాత తగాదాలు

ఆటకూ వరుసకూ మధ్య ఇంత సంబంధం ఉన్నా, శిశువిద్య చరిత్రలో ఈ రెండింటి పాళ్ళ గురించి తగాదా మొదటి నుంచీ ఉంది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం తన సంస్థను తెరిచాడు. దానికి 1840లో కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అని పేరు పెట్టాడు. ఆటను చదువుకు నడిమధ్యన నిలబెట్టినవాడు ఆయనే, అయితే ఆయన ఆట గాలికి వదిలేసిన ఆట కాదు. ఊలు బంతులు, చెక్క గోళం, స్థూపం, ఘనం, ముక్కలుగా విడిపోయే ఘనాలు అన్నీ ఒక క్రమంలో పిల్లల చేతికి అందేవి. వాటికి ఆయన "కానుకలు" అని పేరు పెట్టాడు. ఆయన తర్వాత కొందరు శిష్యులు ఆ క్రమాన్నే పట్టుకుని ఆటను వదిలేశారు, ఘనాన్ని ఎప్పుడు తిప్పాలో కూడా టీచరే చెప్పే స్థితి వచ్చింది. మంచి ఆలోచన కర్మకాండగా మారడానికి ఒక తరం చాలు.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లోరెంజో పేటలో తన మొదటి బాలల గృహాన్ని తెరిచింది. ఆమె దృష్టి వేరు. అక్కడ బొమ్మలు ఉన్నా పిల్లలు వాటి జోలికి పెద్దగా పోలేదనీ, నిజమైన పనులనే కోరుకున్నారనీ ఆమె రాసింది. నీళ్ళు ఒంపడం, ఊడ్వడం, గుండీలు పెట్టుకోవడం ఆమె బడిలో పాఠాలే. కట్టుకథల్లాంటి ఊహా ఆటల పట్ల ఆమెకు అంత మక్కువ లేదు. ఈ విషయంలో ఆమెతో ఏకీభవించడం కష్టం. నీళ్ళు ఒంపుతున్న పిల్ల మనసులో అది నీళ్ళుగానే ఉందో, సముద్రంగా ఉందో పక్కన నిలబడినవాళ్ళకు తెలియదు. కానీ ఆమె పట్టుకున్న మరో సంగతి ఇప్పటికీ నిలబడింది. తానే ఎంచుకున్న పనిలో పిల్లకు ఏకాగ్రత కుదరాలంటే కాలం కావాలి, మధ్యలో ఎవరూ కదిలించకూడదు. మాంటిస్సోరి బడుల్లో దాదాపు మూడు గంటల పాటు తెగకుండా సాగే పనివేళ వచ్చింది ఇందుకే.

ఆట పక్షం వాళ్ళూ పని పక్షం వాళ్ళూ ఇలా వాదించుకుంటూనే, ఇద్దరూ ఒకే చోటికి వచ్చి చేరడం ఆసక్తికరం. ఇద్దరికీ కావలసింది ముక్కలు కాని కాలం. రోజుపట్టికల్లో అసలు లోపం ఇక్కడే ఉంటుంది గనుక దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

పావుగంటలో ఆట ఎందుకు కుదరదు

1988లో జేమ్స్ క్రిస్టీ, ఆయనతో పనిచేసిన మరో ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న, కానీ చాలా ఉపయోగపడే ప్రశ్న వేశారు. ఆటకు 15 నిమిషాలు ఇచ్చినప్పుడూ, 30 నిమిషాలు ఇచ్చినప్పుడూ నాలుగైదేళ్ళ పిల్లల ఆట ఒకేలా ఉంటుందా? ఉండలేదు. ఎక్కువసేపు దొరికినప్పుడు కలిసి నాటకంలా ఆడటం, కలిసి కట్టడం పెరిగాయి. తక్కువసేపు దొరికినప్పుడు ఊరికే చూస్తూ నిలబడటం, ఇటూ అటూ తిరగడం, వస్తువును అర్థం లేకుండా కదిలించడం ఎక్కువయ్యాయి. అరగంట ఆటలో ఉండేది పావుగంట ఆటకు రెట్టింపు కాదు, అది వేరే ఆట.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. నలుగురు పిల్లలు ఓడ ఆట ఆడాలనుకున్నారని అనుకుందాం. ముందు ఓడ ఎక్కడో తేలాలి. బల్ల తిరగేస్తే ఓడ అవుతుందని ఒకరు, కుర్చీలు వరుసగా పెడితే చాలని ఇంకొకరు అంటారు. ఆపైన నడిపేవాడు ఎవరన్న తగవు వస్తుంది. ఇద్దరు నడపవచ్చని ఒక రాజీ కుదురుతుంది. నీలం గుడ్డ కావాలి, అది ఇంకో మూల వేరేవాళ్ళ దగ్గర ఉంది, అడిగి తేవాలి. అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న అయిదో పిల్లకు చేపగా ఉండమని పాత్ర ఇస్తారు. ఇదంతా అయ్యేసరికి పావుగంట గడిచిపోతుంది, ఓడ ఇంకా రేవు దాటలేదు. సరిగ్గా అప్పుడు గంట మోగితే పిల్లలు నేర్చుకునేది ఏమిటి? ఇంత తతంగం దండగని. మర్నాడు వాళ్ళు ఓడ జోలికి పోరు, చేతికి దొరికిన బండిని ముందుకీ వెనక్కీ తోస్తూ కూర్చుంటారు. దాన్ని చూసి ఈ పిల్లలకు ఆడుకోవడమే రాదని ఎవరో ఒకరు తీర్మానిస్తారు. నిజానికి ఆ పిల్లలు తమకు ఇచ్చిన కాలానికి సరిపోయే ఆటను తెలివిగా ఎంచుకున్నారు, అంతే.

కాలం ముక్కలవడానికి కారణం పాఠాలు ఎక్కువ కావడం మాత్రమే కాదు. ఒక పని నుంచి మరో పనికి మారే వేళలు రోజుపట్టికలో ఎక్కడా కనిపించవు, కానీ రోజులో పెద్ద వాటా వాటిదే అవుతుంది. ఇరవై మంది పిల్లలు బొమ్మలు సర్ది, వరుసలో నిలబడి, ఒకే కుళాయి దగ్గర తమ వంతు కోసం కాచుకుని, చెప్పులు వేసుకుని బయటపడటానికి ఎంతసేపు పడుతుందో ఒక్కరోజు గడియారం పట్టుకుని లెక్కపెడితే తెలుస్తుంది. రోజుకు అలాంటి మార్పులు పన్నెండు ఉంటే, ఒక్కోదానికి ఏడు నిమిషాలు వేసుకున్నా గంటా ఇరవై నాలుగు నిమిషాలు. ఆ కాలమంతా పిల్లలు చేసేది ఎదురుచూడటం. గొడవలు, నెట్టుకోవడాలు, ఏడుపులు ఎక్కువగా చోటుచేసుకునేది కూడా ఆ వేళల్లోనే, ఎందుకంటే చేతులకు పని లేకుండా ఒంటిని అదుపులో పెట్టుకోవడం పసివాళ్ళకు అన్నిటికన్నా కష్టమైన పని. అల్లరి పిల్లవాడని పేరు పడ్డవాడి అల్లరిని వేళల వారీగా రాసి చూస్తే, చాలాసార్లు అది వాడి స్వభావం కంటే ఆ బడి ఏర్పాటు గురించే ఎక్కువ చెబుతుంది.

మార్పుల సంఖ్య తగ్గించడం మొదటి వైద్యం. చిరుతిండిని అందరికీ ఒకేసారి పెట్టే బదులు ఒక బల్ల మీద ఉంచి, ఆట మధ్యలో ఎవరికి ఆకలేస్తే వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి తినే ఏర్పాటు చేస్తే రెండు మార్పులు ఒక్కసారిగా మాయమవుతాయి. మిగిలిన మార్పులకు ముందస్తు కబురు కావాలి. "అయిదు నిమిషాల్లో ఆపేయాలి" అన్నది పిల్లలకు అందే కబురు కాదు. "ఇంకో రెండుసార్లు ఓడ తిప్పి రేవుకు చేర్చండి" అన్నది అందుతుంది. రోజూ అదే పాటతో సర్దడం మొదలైతే ఆ పాటే గడియారం, పాట పూర్తయ్యే లోపు ఎంత సర్దాలో నాలుగు రోజుల్లో వాళ్ళకే తెలిసిపోతుంది. అందరూ ఒకే వరుసలో నిలబడాల్సిన పని లేకుండా అయిదారుగురు చొప్పున కదిలితే ఎదురుచూపు ఇంకా తగ్గుతుంది.

తినడం, కడుక్కోవడం, పడుకోవడం

దినచర్యలో సంరక్షణ భాగాన్ని చాలామంది చదువు లెక్కలో వేయరు. బుడాపెస్ట్‌లో 1946లో లోట్సీ వీధిలో శిశు సంరక్షణాలయాన్ని తెరిచిన వైద్యురాలు ఎమ్మి పిక్లర్ మాత్రం అన్నిటికీ పునాది అదేనని నమ్మింది. తల్లిదండ్రుల దగ్గర పెరిగే అవకాశం లేని పసికందులు అక్కడ ఉండేవారు. ఒక్కో ఆయాకు ఎందరో పిల్లలున్నప్పుడు ప్రతి బిడ్డకూ రోజంతా శ్రద్ధ ఇవ్వడం సాధ్యం కాదు. అందుకని బట్టలు మార్చేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, తినిపించేటప్పుడు పూర్తి శ్రద్ధ ఆ ఒక్క బిడ్డకే ఇవ్వాలని ఆమె నియమం పెట్టింది. ఏం చేయబోతున్నారో బిడ్డకు ముందుగా చెప్పాలి, చెయ్యి చాచి బిడ్డ స్పందించే దాకా ఆగాలి, ఆ తర్వాతే ఎత్తుకోవాలి. అలా కడుపు నిండా శ్రద్ధ దొరికిన బిడ్డ, తర్వాత పెద్దల ప్రమేయం లేకుండా తనంతట తాను ఎక్కువసేపు ఆడుకుంటుందని ఆమె గమనింపు. ఆట బాగుండాలంటే ఆటలో జోక్యం చేసుకోవాలని అనుకునేవాళ్ళకు ఇది తలకిందుల సలహాలా తోచవచ్చు, కానీ స్నానం దగ్గర తొందరపడి ఆ తొందరలో మిగిల్చిన కాలాన్ని "నేర్పే బొమ్మల" మీద ఖర్చుపెట్టే పద్ధతి కంటే ఇది సబబుగా ఉంది.

నిద్ర విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు కునుకులతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే పత్రం వాళ్ళకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక కదలిక, అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే స్థాయిలో ఉండాలనీ, కూర్చుని తెర చూసే కాలం గంట దాటరాదనీ చెప్పింది. మధ్యాహ్నపు కునుకు గురించి 2013లో అమెరికాలో 40 మంది ప్రీస్కూలు పిల్లలతో జరిగిన అధ్యయనం ఒకటి ఉంది. పొద్దున బొమ్మల స్థానాలు గుర్తుపెట్టుకునే ఆట ఆడిన పిల్లలు, కునుకు తీసినరోజు వాటిని మధ్యాహ్నం బాగా గుర్తుపెట్టుకున్నారు. కునుకు లేనిరోజు మరిచిపోయినదాన్ని రాత్రి నిద్ర భర్తీ చేయలేదు. అయితే ఈ మేలు ముఖ్యంగా కునుకు అలవాటున్న పిల్లల్లోనే కనిపించింది. కాబట్టి ఈ అధ్యయనాన్ని చూపించి, నిద్ర రాని పిల్లను చీకటి గదిలో గంటన్నరపాటు కళ్ళు మూసుకుని పడుకోబెట్టడం న్యాయం కాదు. కాసేపు ఒళ్ళు వాల్చాక చప్పుడు లేని ఆటకు లేచి వెళ్ళే వీలుంటే ఆ పిల్లకు విశ్రాంతీ దక్కుతుంది, పక్కవాళ్ళ నిద్రా చెడదు.

పెద్దవాళ్ళు ఎక్కడ నిలబడాలి

ఆట పిల్లలది కాబట్టి పెద్దలు తప్పుకోవాలా, లేక ఆటలోనే పాఠం కలిపి ఇవ్వాలా? ఈ ప్రశ్నకు పరిశోధనలు ఒక్క ముక్కలో జవాబివ్వవు. ఎలిజబెత్ బొనావిట్జ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఒక వింత బొమ్మ ఉంది. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, ఇంకోచోట దీపం వెలుగుతుంది, మరోచోట సంగీతం వస్తుంది, ఒక గొట్టంలో అద్దం దాగి ఉంటుంది. కొందరు పిల్లలకు "ఇది ఇలా పనిచేస్తుంది, చూడు" అంటూ ఒక్క కీచు శబ్దాన్ని మాత్రమే చూపించారు. ఇంకొందరి ముందు అది అనుకోకుండా జరిగినట్టు నటించారు. పాఠంలా చూపించినప్పుడు పిల్లలు ఎక్కువగా ఆ కీచు శబ్దం దగ్గరే ఆగిపోయారు. మిగతావాళ్ళు ఎక్కువసేపు ఆడారు, దాగినవాటిని ఎక్కువ కనిపెట్టారు. టీచరు చూపించింది ఇంతే అంటే ఉన్నది కూడా ఇంతే అయ్యుంటుందని పసివాళ్ళు సబబుగానే అనుకుంటారు. నేర్పడం పనిచేస్తుంది, పనిచేస్తుంది కాబట్టే వెతుకులాటను ఆపగలదు.

అలాగని పూర్తిగా వదిలేయడమూ సరిపోదు. పెద్దలు ఒక లక్ష్యాన్ని మనసులో పెట్టుకుని, వస్తువులను అందుకు తగ్గట్టు అమర్చి, సరైన చోట ఒక ప్రశ్న వేసి, దారి మాత్రం పిల్లలకే వదిలే పద్ధతిని "దారి చూపే ఆట" అనవచ్చు. దీని మీద 39 అధ్యయనాలను పరిశీలించి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఒక సమీక్ష ప్రచురించారు. తొలి గణితం, ఆకారాల పరిచయం, ఒక నియమం నుంచి మరో నియమానికి మనసు మార్చుకోవడం వంటి విషయాల్లో నేరుగా పాఠం చెప్పడం కంటే ఇది మెరుగైన ఫలితమిచ్చినట్టు అందులో తేలింది. పైన, కింద, మధ్యన, వెనుక వంటి స్థలాన్ని తెలిపే మాటల విషయంలో స్వేచ్ఛగా వదిలేసిన ఆట కంటే కూడా ఇదే మెరుగు. మిగతా చాలా విషయాల్లో తేడా తేలలేదు. ఇంకోవైపు, ఊహా ఆట వల్లే తెలివి, సృజన, నిగ్రహం పెరుగుతాయన్న వాదాన్ని ఆంజెలిన్ లిలార్డ్ బృందం 2013లో పరీక్షించింది. అప్పటిదాకా వచ్చిన సాక్ష్యం ఆ కార్యకారణ సంబంధాన్ని నిలబెట్టేంత గట్టిది కాదని తేల్చింది. ఊహా ఆట ఎదుగుదలకు అనేక దారుల్లో ఒకటి కావచ్చు, లేదా మరోదానితో పాటు కనిపించే తోడు మాత్రమే కావచ్చు. కాపలా సైనికుడి పాత్రలో చూపిన నిగ్రహం పాత్ర వదిలాక ఎంత నిలుస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే ధైర్యంగా జవాబు చెప్పలేం.

ఈ జాగ్రత్త ఆటకు వ్యతిరేకమని భయపడాల్సిన అవసరం లేదు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనూ హక్కుగా గుర్తించింది. మార్కులు పెరుగుతాయని నిరూపిస్తేనే ఆ హక్కు చెల్లుతుందని అందులో లేదు. ఆట గొప్పతనాన్ని ప్రతిసారీ తర్వాతి తరగతి ఫలితాలతో నిరూపించబోయేవాళ్ళు, ఫలితం రాని ఆటను తీసేయడానికి కూడా తామే దారి వేసి పెడుతున్నారు.

పెద్దల పనిలో తక్కువగా మాట్లాడుకునే భాగం గమనించడం. అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో పిల్లల ఆటను ఆరు విధాలుగా వర్గీకరించింది: ఏ ఆటలోనూ లేకుండా ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలిసి కానీ ఉమ్మడి లక్ష్యం లేకుండా ఆడటం, ఉమ్మడి లక్ష్యంతో ఆడటం. దీన్ని నిచ్చెనలా చదివి, ఒంటరిగా ఆడే పిల్ల వెనకబడిందని బెంగపడేవాళ్ళున్నారు. అయిదేళ్ళ పిల్ల కూడా ఒకే రోజులో ఈ ఆరింటిలోనూ తిరిగి వస్తుంది. పక్కన నిలబడి చూస్తున్న పిల్లను చెయ్యి పట్టి ఆటలోకి తోసే ముందు, ఆమె చూపు ఎక్కడ ఉందో చూడాలి. చూపు ఓడ మీద ఉంటే ఆమె అప్పటికే సగం ఆటలో ఉన్నట్టు. తనకు తగిన పాత్ర కోసం చూస్తోంది, లోపలికి వెళ్ళే మాట కోసం చూస్తోంది. చూపు తలుపు మీద ఉంటే అది వేరే సంగతి, అప్పుడు పక్కన కూర్చునే మనిషి కావాలి.

ఇక రోజు ఆఖరున వచ్చే సర్దుడు. దినచర్యా ఆటా ముఖాముఖి తలపడేది ఇక్కడే. మధ్యాహ్నమంతా కట్టిన ఓడను ఇంటికి వెళ్ళే ముందు విప్పి, బ్లాకులన్నీ పెట్టెలో వేయమనడం శుభ్రత పాఠంగా సరైనదే. కానీ రేపు మళ్ళీ మొదటి నుంచి కట్టాలంటే ఆట ఎన్నటికీ ఒక రోజు పొడవు దాటదు. కొన్ని బడుల్లో దీనికి చిన్న ఉపాయం ఉంది. ఒక మూలను సర్దనక్కరలేని చోటుగా వదిలి, తమ కట్టడం పక్కన పేరు రాసిన చీటీ పెట్టుకోనిస్తారు. పేరు రాయడం రానివాళ్ళు తమ గుర్తు గీస్తారు. మిగతా గది అంతా సర్దే పాటతో సర్దుకుంటుంది. ఆ చీటీకి విలువ ఉండాలంటే రేపు పొద్దున వచ్చేసరికి ఓడ అక్కడే ఉండాలి, పలకరింపులూ కథా అయ్యాక ఆట వేళ నిన్నటిలాగే రావాలి. రెండు మూడు రోజులు అలా జరిగాక, ఓడకు తెరచాప ఎలా పెట్టాలన్న చర్చ చెప్పులు విప్పే దగ్గరే మొదలవుతుంది.